యాదగిరి రాకెట్ మీద నేను చెప్పిన అబద్ధం

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు ప్రకాశ్ వందనాలు. దేవుని దయవల్ల నేనూ విమలా బాగానే ఉన్నాం. బావగారికి షుగర్ అదుపులోకి వచ్చిందా? పొద్దున్నే నడుస్తున్నారా? ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాంగా, ఈ ఉత్తరం దేనికి అనుకుంటావేమో. ఈ సంగతి నోటితో చెప్పలేక రాస్తున్నాను.

బందరు నుంచి బదిలీ మీద సికింద్రాబాద్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసు పని అలవాటైంది. కార్ఖానా అనే పేటలో అద్దె ఇల్లూ బాగానే ఉంది. చలి మాత్రం మనం ఎరగనిది. ఇక్కడి చేపల్లో మన రుచి లేదు, వీలైతే కాసిని ఎండు రొయ్యలు పంపు. నా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. ఊరంతా కొత్త, అంతే. బొల్లారంలో టెన్నిస్ కోర్టు దొరికాకే ప్రాణం కుదుటపడింది. పొద్దున ఏడెనిమిది మందిమి ఆడతాం. అందరిలోకీ నా ఆటే బాగుంటుందని పేరొచ్చింది. నేను వెళ్ళగానే "సార్ వచ్చిండు" అనేవారు. ఆ మాట కోసమే చలిలో లేచేవాణ్ణి.

నన్ను రోజూ బండి మీద అక్కడికి తీసుకెళ్ళేది యాదగిరి. మా వీధిలో పరదాలు కుట్టే షాపు అతనిది. నాకంటే పదేళ్ళు చిన్న. పోయిన నెల ఒక కొత్త రాకెట్ తెచ్చాడు. ఆ రోజు నన్ను పలకరించినవాళ్ళు లేరు. అందరూ దాన్ని పట్టుకుని చూడ్డమే. ఎప్పుడూ నెట్‌కి తగిలే అతని సర్వీసు ఆ పూట గీత లోపల పడింది. చప్పట్లు కొట్టారు. నా కడుపు మండిపోయింది, అక్కా.

అతనేమో దాన్ని నా చేతిలో పెట్టాడు. "మీరు ఆడి చూడుండ్రి సార్. మీరు మంచిగున్నదంటెనే ఉంచుకుంట. లేకుంటె వాపస్ ఇచ్చేస్త, షాపాయన ఆదివారం దాక టైమిచ్చిండు."

ఆడాను. నా పాతది తల బరువు. బంతి అంచున తగిలితే భుజం దాకా జివ్వుమంటుంది. ఇది చేతిలో ఉన్నట్టే లేదు. ఎన్నాళ్ళుగానో నాకు కుదరని బ్యాక్‌హ్యాండ్, మూలకి వెళ్ళి పడింది. తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

"ఒట్టి తేలిక, యాదగిరీ. మోచెయ్యి పాడవుతుంది. నా పాతదే నయం" అన్నాను.

అతని ముఖం వాడిపోయింది. "మీరన్నరంటె అంతే సార్" అని కవర్లో పెట్టేశాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెబితే నన్ను అసహ్యించుకుంటావు.

ఆ సోమవారం కోర్టులో ఎవరో కొత్తాయన ఏ రాకెట్ కొనాలని అడిగితే యాదగిరి నన్ను చూపించాడు. "సార్‌ను అడుగుండ్రి. ఉన్నదున్నట్టు చెప్తడు."

ఇక నిలబడలేకపోయాను. తిరిగి వచ్చేటప్పుడు బండి ఆపించి నిజం చెప్పేశాను. "అది చాలా బాగుంది. నాకు కుళ్ళు పుట్టి అలా అన్నాను."

అతను బండి దిగి నా వైపు తిరిగాడు. "నిన్ననే వాపస్ ఇచ్చిన సార్. ఏందీ సార్ గిట్ల? అడిగితె దినాం మీకే ఇద్దును గద" అన్నాడు.

అప్పుడే ఇద్దరం ఆ షాపుకి వెళ్ళాం. అది అమ్ముడైపోయింది. అలాంటిది మళ్ళీ తెప్పించడానికి టైం పడుతుందన్నారు. తెప్పించమని చెప్పి వచ్చాం. మర్నాటి నుంచి యాదగిరి బండి మా గుమ్మం ముందు ఆగలేదు. పన్నెండు రోజులు బస్సులో వెళ్ళాను. కోర్టులో నాతో మాట్లాడలేదు, ఎవరికీ ఏమీ చెప్పనూ లేదు. చెప్పి ఉంటేనే నయమనిపించింది.

నిన్న నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఒక్కటడుగుత సార్, నిజం చెప్పుండ్రి. నా సర్వీసు ఎట్లున్నది?"

"బాగోలేదు. బంతిని మరీ వెనక్కి ఎగరేస్తున్నావు" అన్నాను.

నన్ను చూసి నవ్వాడు. "గిప్పుడు నమ్ముత" అని బండి తాళం తీసి నన్ను వెనక ఎక్కమన్నాడు.

అతని రాకెట్ వచ్చే వారం వస్తుందట. అది చూడగానే నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది, అక్కా, నన్ను నేనెరుగుదును. అప్పుడు నా నోట మంచిమాటే రావాలని ప్రార్థన చెయ్యి. బావగారికి, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. మేం బాగానే ఉన్నాం.

నీ దీవెన కోరే తమ్ముడు,
ప్రకాశ్