నూరు కొవ్వొత్తుల నలభై బల్బు

బావగారికి నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం, మీరు కానుకగా ఇచ్చిన టేబుల్ లైటు ఒక్కటి తప్ప. అందులోది నలభై వాట్ల బల్బనీ, నా గడియారాల పనికి బ్రహ్మాండంగా సరిపోతుందనీ రెండేళ్ళ కిందట మీరే సెలవిచ్చారు. అదే బల్బు ఇప్పుడు గుడ్డిదైపోయింది.

మొన్న నర్సమ్మ చేతివాచీ విప్పాను. ఆవిడ రోగుల నాడి చూసేది దానితోనే. స్క్రూ జారి కింద పడింది. గంటసేపు నేల మీద పాకినా దొరకలేదు. మీ చెల్లెలు వచ్చి చటుక్కున తీసి ఇచ్చింది. సరే, వెంట్రుకంత స్ప్రింగు బిగిద్దామంటే అదీ కనబడలేదు. "నా వల్ల కాదమ్మా" అని వాచీ తిరిగి ఇచ్చేశాను. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదలు. ఆ పూట ముద్ద దిగలేదు.

మీరు సైన్సు మాస్టారుగా చేసినవారు. దీపం వెలుగు ఎంతుందో ఇంట్లోనే తేల్చుకునే ఉపాయం ఉంటే చెప్పండి. తప్పు దీపానిదైతే దీపం మారుస్తాను. నాదైతే కొట్టు మూసేస్తాను.

మీ బావ

తా.క. లైటు మీది టోపీ లోపల కమిలి నల్లబడింది. దాని కింద కూర్చుంటే చెమటలు కారుతున్నాయి. ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ.

*

బావగారికి,

మీ ఉత్తరం చదివి నొచ్చుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నేను మీకంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి. ఇవాళ్టికీ నలభై బల్బు కిందే పేపరు మొదటి అక్షరం నుంచి ఆఖరి ప్రకటన దాకా చదువుతాను.

అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. తెల్ల కాగితం మధ్య ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటే, వంటనూనె వేయండి. కాగితాన్ని నిలబెట్టి ఒక పక్క అడుగు దూరంలో కొవ్వొత్తి పెట్టండి. రెండో పక్క దీపం పెట్టి మెల్లగా వెనక్కి జరపండి. రెండు పక్కలా వెలుగు సమానమైన చోట నూనె మచ్చ మాయమవుతుంది. దీపం ఎన్ని అడుగుల దూరాన ఉందో రాసి పంపండి. లెక్క నేను చేస్తాను. మంచి నలభై బల్బు ముప్ఫై అయిదు కొవ్వొత్తులకు తక్కువ కాదు.

కళ్ళు మసకేమోనని భయపడకండి. రెండు పక్కలా చూసేది అదే కన్ను కదా, మచ్చ మోసం చెయ్యదు.

మీ శ్రేయస్సు కోరే బావ

తా.క. మా లైటు టోపీ కూడా కమిలింది. ఈ మధ్య టోపీల్లో నాణ్యత లేదు.

*

బావగారికి నమస్కారం.

ఒక్క చుక్క అన్నారు గానీ మా నూనె గిన్నెకు మీ మాట తెలియదు. మొదటి కాగితమంతా మచ్చే అయింది. రెండోది మంటల్లో పోయింది. మూడోది కుదిరింది. దీపం వెనక్కి జరుపుతూ జరుపుతూ పోతే కొట్టు వెనకే ఉన్న వంటింటి గడప దాకా వెళ్ళింది, అక్కడ మచ్చ మాయమైంది. టేపు పెట్టి కొలిచాను, సరిగ్గా పది అడుగులు.

మీకు శ్రమ ఎందుకని లెక్క నేనే చేసేశాను. పది అడుగులు, పది కొవ్వొత్తులు. మీరు చెప్పింది ముప్ఫై అయిదు. మిగతా పాతిక కొవ్వొత్తులూ ఎక్కడ పోయాయి బావగారూ?

కోపంతో అడగడం లేదు, సంతోషంతో అడుగుతున్నాను. తప్పు దీపానిదని తేలింది. కొత్త నలభై బల్బు వేసి, నర్సమ్మకు కబురు పెట్టి ఆ వాచీ మళ్ళీ తెప్పించుకుంటాను.

కొట్టు మూయనక్కర్లేని
మీ బావ

తా.క. ఈ శుభవార్త చెబితే మీ చెల్లెలి ముఖం ఎందుకో పాలిపోయింది. బజారంతా వెతికినా నలభై బల్బులు దొరకడం లేదట.

*

బావగారికి,

లెక్క నేను చేస్తానని రాశానా లేదా? దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదండీ, పావు అవుతుంది. దూరాన్ని దూరంతోనే హెచ్చించాలి. పది పదులు నూరు! నలభై బల్బు నూరు కొవ్వొత్తుల వెలుగు ఇవ్వడం నా సర్వీసులో చూడలేదు, వినలేదు. కొలవడంలో మీరేదో తప్పు చేశారు.

మళ్ళీ కొలవండి. లైటు టోపీ తీసేయండి. గోడల తెలుపు కాగితం మీద పడకుండా చుట్టూ నల్లగుడ్డ కట్టండి, కిటికీలకు కూడా. వాదన తెగాలంటే బల్బు చల్లారాక దాని మీది అంకె చదివి రాయండి.

మీ బావ

తా.క. నా విద్యార్థుల్లో కూడా హెచ్చవేత మరిచి పోట్లాటకు వచ్చినవాడు లేడు.

*

బావగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే కొట్టు తలుపు వేసి గోడలకూ కిటికీలకూ నల్లగుడ్డలు కట్టాను. అది చూసి నేను పోయాననుకున్నారు. గంటలో పదిహేను మంది వచ్చారు. పరామర్శకని మురిసిపోయేరు, కాదు. ఎవరి వాచీ వాళ్ళు పట్టుకుపోవడానికి! నేను తలుపు తీస్తే టైలరు కెవ్వున కేకేసి, వెంటనే తేరుకుని, "అయితే నాది మంగళవారానికి అయిపోతుందా?" అన్నాడు.

కొలత మళ్ళీ పదే అడుగులు. టోపీ లేకుండా, నల్లగుడ్డల మధ్య, కొత్త కొవ్వొత్తితో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నూరే వచ్చింది. బల్బు మీది అంకె నాకు చీమలబారులా ఉంది. మీ చెల్లెల్ని పిలిస్తే చూసి, "నలభై" అంది.

నేను గడియారాలవాణ్ణి. మూడుసార్లు ఒకే మాట చెప్పిన యంత్రాన్ని అనుమానించను. నా ముందున్న వెలుగు నూరు కొవ్వొత్తులది. నూరు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా నాకు స్క్రూ కనబడలేదు. ఇక బల్బుతో పేచీ ఎందుకు? శనివారం కొట్టు మూసేస్తాను. మీ లెక్కలో ఎక్కడైనా తప్పుంటే ఆ లోపు రాయండి. ఉండాలని నాకూ ఆశగానే ఉంది.

మీ బావ

తా.క. దీపం పట్టుకుని వెనక్కి నడిచినందుకు మీ చెల్లెలి వేళ్ళు బొబ్బలెక్కాయి. నలభై బల్బుకు అంత వేడి ఉంటుందా?

*

అన్నయ్యకు,

ఆయన టీ తాగడానికి వెళ్ళారు. వచ్చేలోపు రాసెయ్యాలి. ఆ బల్బు నలభై కాదు అన్నయ్యా. వంద.

మొదటి ఏడాది "వెలుగు తగ్గిందే" అని ఆయన దిగులుపడితే అరవై పెట్టాను. బల్బు తుడిచానని చెప్పాను. "చూశావా, తుడిస్తే ఎంత వెలుగో!" అని నాకే పాఠం చెప్పారు. ఆ తర్వాత మళ్ళీ దిగులుపడ్డారు, వంద పెట్టాను, మళ్ళీ తుడిచాననే చెప్పాను. ఇప్పుడు అంతకంటే పెద్దది ఆ లైటుకు పట్టదంటున్నాడు షాపువాడు.

అబద్ధం ఆడినందుకు తిట్టు, పడతాను. కానీ ఆ బల్ల ముందు నుంచి లేస్తే ఆయన ఆయన కారు. ఒక్క ఆదివారం ఖాళీగా ఉంటేనే నా కుక్కరు విప్పి మళ్ళీ బిగించలేకపోయారు. నూనె మచ్చల లెక్క తప్పని ఆయనకు ఒక్క ముక్క రాయి. నువ్వు రాస్తే నమ్ముతారు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లెలు

తా.క. ఈ తుడవడం ఉపాయం నా సొంతం కాదు. ఎవరు నేర్పారని మాత్రం అడక్కు.

*

బావగారికి, చెల్లాయికి,

అక్షరాలు ఇంత పెద్దవేమిటని చూస్తున్నారా? మీ కోసం కాదు, నా కోసం.

చెల్లాయీ, నన్ను క్షమించు. నువ్వు అడిగినట్టే లెక్క తప్పని రాద్దామని కూర్చున్నాను. అంత పెద్ద అబద్ధం ఊరికే రాయలేక, కనీసం నా దీపంతో ఒకసారి కొలిచి ఎక్కడో తేడా పట్టుకుందామనుకున్నాను. కాగితం పెట్టాను, చుక్క వేశాను, దీపాన్ని జరిపాను. ఆరు అడుగులు దాటినా మచ్చ పోలేదు. పది దాటినా పోలేదు. పన్నెండు అడుగుల దగ్గర పోయింది.

పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు.

మీ అక్కయ్యను పిలిచాను బావగారూ. ఆమె బల్బు వైపు చూసింది, నా వైపు చూసింది, చేతిలోని తుడిచే గుడ్డ వెనక్కి దాచుకుంది. చెల్లాయికి ఉపాయం ఎవరు నేర్పారో నేనిక అడగనక్కర్లేదు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని ఎంతమంది పిల్లలకు చెప్పానో!

సిగ్గుపడి మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కంట్లో శుక్లాలట. తీసేస్తే మళ్ళీ బాగా కనబడుతుందట. మీ సంగతంతా చెబితే, మీవీ అవే అయ్యుండొచ్చు, చూస్తేగానీ చెప్పలేనన్నాడు. శుక్రవారం ఉదయానికి మీ పేర చీటీ రాయించాను. నా ఆపరేషను బుధవారం. ముందు నేను వెళతాను, పెద్దవాణ్ణి కదా. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. పక్కన మీరుంటే బాగుంటుంది, బుధవారానికే వచ్చేయండి.

కాబట్టి శనివారం కొట్టు మూయడానికి వీల్లేదు. నర్సమ్మతో వాచీ ఎక్కడా ఇవ్వొద్దని చెప్పండి. చెల్లాయిని ఒక్క మాట అన్నా ఊరుకోను. మన చేతుల్లోంచి పని జారిపోకుండా ఆ ఇద్దరూ ఇన్నాళ్ళు బల్బులు తుడిచారు.

మీ కొలత తప్పు కాదు బావగారూ. నా మాటే తప్పు.

మీ బావ

తా.క. "ఇలా ఎన్నిసార్లు తుడిచావు?" అని మీ అక్కయ్యను అడిగాను. "బల్బు సంగతి సరే, రేడియో సంగతి ఎప్పుడు కొలుస్తారు?" అందట. అందట అని ఎందుకంటున్నానంటే, ఆమె చేత మూడుసార్లు చెప్పించుకుంటే గానీ నాకు వినబడలేదు.