దూది చొక్కా

అక్కా,

నీ మేనల్లుడి ఆపరేషన్ బాగా జరిగింది. గుంటపడిన రొమ్ము ఎముక కింద స్టీలు పట్టీ పెట్టి పైకి లేపారు. ఇన్నాళ్లూ ఆ ఎముక గుండెను నొక్కేదట; మెట్లెక్కితే ఆయాసం అందుకేనట.

"పదిహేడేళ్లుగా ఎవరి కంటా పడలేదా?" అని డాక్టరమ్మ నా మీద మండిపడింది. ఎలా పడుతుంది? దూది కూరి నేను కుట్టిన చొక్కాలంటే మాటలా!

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని కూడా అడిగింది. లేదన్నాను.

వాడిప్పుడు చొక్కా లేకుండా ఇల్లంతా తిరుగుతున్నాడు. "ఇంత ఉక్కలో నీకెందుకు నాన్నా, నువ్వూ విప్పెయ్" అంటాడు. నాకు చలిగా ఉందని చెబుతున్నాను.

వాణ్ణి చూడటానికి వచ్చినప్పుడు నోరు జారకక్కా. చిన్నప్పుడు నాన్న నాకు కుట్టిన దూది చొక్కాలకు గుండీలు వేసింది నువ్వేగా.

నీ తమ్ముడు