పట్టు వదిలిన కణాలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన దిల్‌సుఖ్‌నగర్ ఇంటి ముందు ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లతో నిండిపోయాయి.

ఇవాళ ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలున్న గాజు పళ్లెంలో కొత్త రసాయనం వేశాను. కణాలు అడుగుకు అతుక్కోవడానికి వాడుకునే ప్రోటీన్‌ను అది అడ్డుకుంటుంది. కాసేపటికే కణాలు పట్టు వదిలి పైకి తేలాయి.

“ఇది రోగులకు ఎప్పుడిస్తరు సార్?” అని అడిగాను.

“ఇది మందు కాదమ్మా, కణాలెలా అతుక్కుంటాయో తెలుసుకునే సాధనం మాత్రమే,” అన్నారు మా సార్.

నాకు తెలియనిదా!

రొమ్ములో గడ్డ బయటపడ్డ రోజున, “మీ ల్యాబుల మందేమన్న దొరుకుతదా చెల్లే?” అని అడిగావు. “దొరుకుతదక్కా, జర ఆగు,” అన్నాను. నీకు ధైర్యం చెప్పాలని ఊరికే అన్న మాట అది. నువ్వేమో దవాఖానలో ఆపరేషన్ వద్దని చెప్పి, నా మందు కోసం ఆగావు.