ఘాట్ మీద ఆగిన లారీ

బావా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఆలోగా నీ మీద కథ పూర్తి చేస్తానని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. చివరి పేజీ దగ్గరికి వచ్చాక చెయ్యి ఆడటం లేదు.

నా కథలు చదివి వినిపిస్తే నువ్వేమనేవాడివి? "ఒసే, లారీ డ్రైవరంటే సచ్చిపోవాలేటి? ఈపాలైనా ఆణ్ణి ఇంటికి సేర్సవే" అని నవ్వేవాడివి. ఈసారి మాత్రం నీకు జరిగింది జరిగినట్టే రాద్దామనుకున్నాను. ఘాట్ రోడ్డు దిగుడు, పట్టని బ్రేకులు, ఆ మలుపు.

కానీ ఈ పొద్దున నీ కొడుకు మొదటిసారి లారీ స్టీరింగు పట్టి, సాలూరు నుంచి అదే ఘాట్ ఎక్కాడు. మధ్యాహ్నానికి ఫోన్ చేస్తానన్నవాడు సాయంత్రమైనా చెయ్యలేదు. కొండల్లో సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసినా నిమిషానికోసారి ఫోన్ తీసి చూస్తున్నాను. తథాస్తు దేవతలు తిరుగుతుంటారంటారు కదా, నేనిప్పుడు ఆ చావు రాస్తే వింటారేమోనని భయం. ఇంత చదువు చదివి ఇదేంటని నవ్వితే నవ్వు.

అక్క ఇందాక వచ్చి పక్కన కూచుంది. నా కథ ఒక్కటీ చదవని మనిషి, కాగితాల వైపు చూసి అడిగింది.

"నీ కథలో లారీ ఎక్కడున్నాదే?"

"ఘాట్ మీదే. టీ కొట్టు కాడ ఆగున్నాది."

"ఆడి ఫోనొచ్చినదాకా అక్కడే ఉండనీ. కదపకు."

పెన్ను మూత పెట్టేశాను బావా. నువ్వింకా టీ తాగుతూనే ఉన్నావు.