బంపర్‌కి అతుకు

జూన్ 3
లిటిల్ అండమాన్‌లో మూడు రోజుల పరీక్షల పని ముగించుకుని వచ్చాను. కారు ముందు బంపర్ పగిలి వేలాడుతోంది. నాన్న పడవల షెడ్డులో ఫైబర్‌తో పోసిన బంపర్. తాళం తమ్ముడి దగ్గర వదిలి వెళ్ళాను. అడిగితే — "నువ్వెల్లక ముందే అలగుందక్కా. గుద్దేసి మర్సిపోనావేటి?" అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

జూన్ 5
హాడోలో నాన్న పడవల షెడ్డు, ఇప్పుడు తమ్ముడిది. పనివాళ్ళందరి ముందూ మళ్ళీ అదే. "సదువైతే ఉంది గానీ సేతికి స్టీరింగ్ రాదు." పడవ గీకుతున్నవాడు — "ప్రొఫెసర్ దీదీ, గోడని కాస్త జరగమనకపోయారా?" నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను క్షమించుకోలేను. వాడి చేత బాగుచేయించను. నేనే చేస్తాను. చేసి, ఆ షెడ్డు ముందే ఆపుతాను.

జూన్ 6
అమ్మ ఆసుపత్రికి బస్సులో వెళ్ళింది. "నీ బండెక్కనమ్మా." నమ్మింది వాడినే.

జూన్ 8
బంపర్ విప్పాను. చీలిక అంచున, పీచుల మధ్య ఇరుక్కుని — నీలి రంగు పెచ్చు. ఫెరార్గంజ్‌లో వాడి అత్తవారి గేటు రంగు. నాకు కలిగింది కోపమా, సంతోషమా...
అతుకు నిలవాలంటే అంచులన్నీ గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దితే సాక్ష్యం పోతుంది. ఆ ముక్క వరకు రంపపు బ్లేడుతో కోసి అగ్గిపెట్టెలో దాచాను. దొంగ దొరికాడు. దొంగలా ఉన్నది మాత్రం నేను.

జూన్ 11
వాన తెరపి. వెనకవైపు రుద్ది, దుమ్ము తుడిచి, ఫైబర్ గుడ్డ మూడు పొరలు. రెసిన్ జిగురులో హార్డెనర్ కలిపాక ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు — డబ్బాలోనే వేడెక్కి బిగుసుకుపోతుంది. బ్రష్‌తో అద్దుతూ బుడగలు నొక్కుతున్నాను. ప్రతి బుడగా వాడి మొహమే.

జూన్ 12
అతుకంతా అట్టలా ఊడి వచ్చింది. అడుగున పసుపు, కొబ్బరినూనె. నేను రెసిన్ కలుపుతుంటే అమ్మ పలచగా పూసిందట. నాకు కనబడలేదు. "పడవకి అతుకేసే ముందర పసుపెట్టమా? బండేటి పాపం సేసింది?" నూనె మీద ఏదీ అంటదమ్మా అని అరవబోయాను. ఆమె గోళ్ళకి ఇంకా పసుపు. ఊడిన అట్ట తీసి పారేశాను.

జూన్ 15
థిన్నర్‌తో తుడిచి, మళ్ళీ రుద్ది, మళ్ళీ మూడు పొరలు. వేలితో కొడితే గట్టిగా పలికింది. పుట్టీ. రంగు.

జూన్ 19
షెడ్డులో కొత్త పడవ నీళ్ళలోకి దించుతున్నారు. కొబ్బరికాయ కొట్టడానికి అమ్మ ముందే వచ్చింది. అందరి ఎదుటా కారు ఆపాను.
తమ్ముడు వంగి బొటనవేలితో అతుకు తడిమాడు. "నాన్న సేసినట్టే ఉంది. ఎవులు సేసినారక్కా?"
"నేనే." అగ్గిపెట్టె తెరిచాను. "మీ అత్తోరి గేటు ఇంత దూరం నడిచొచ్చిందా?"
వాడి మొహం వాడిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఇదే కదా నేను కోరుకున్నది — సరిగ్గా ఇదే.
అప్పుడు అమ్మ: "ఆణ్ణేటీ అనకే. ఆ దినం నానూ బండిలోనే ఉన్నాను."

జూన్ 20
రెండు వారాలు అమ్మా నేనూ ఒకే ఇంట్లో. రంపపు బ్లేడుతో నేను వేలు కోసుకుంటే కట్టు కట్టింది. అన్నీ తెలిసే.
తమ్ముడి కోసం దాచుకున్న కోపమంతా ఇప్పుడెక్కడ పెట్టను? ఆమె మీదా...
మళ్ళీ ఆసుపత్రి రోజు. అమ్మ వెళ్ళి నా కారు ముందు సీట్లో కూర్చుంది. తాళం నా చేతిలో ఉంది. హారన్ ఒకసారి మోగింది. రాస్తూనే ఉన్నాను.
మళ్ళీ మోగింది.