చెవి మీద చెయ్యి

ఖతార్ దేశం ఉమ్ సలాల్‌లో ఉన్న తమ్ముడు హన్మాండ్లుకు,

విగ్రహ కమిటీ తరఫున సాయిబాబు ఆశీస్సులు. మీ పల్లెకు వెళ్ళి మీ ఆవిడ పోచవ్వ దగ్గర నీ చిరునామా తెచ్చుకున్నాను. మీ క్యాంపులో ఉండే మా ఊరి తిరుమల్ పాటలు ఇక్కడ ఫోన్లలో వినని ఇల్లు లేదు. దుబాయ్‌లో మా అబ్బాయి ఆ పాటలు వినే గుండె దిటవు చేసుకున్నాడు. అందుకే బస్టాండు దగ్గర ఆయన విగ్రహం పెడుతున్నాం. చిన్నప్పుడే వెళ్ళిపోయాడు గనుక గొంతు తప్ప మొహం ఎవరికీ తెలియదు. అడిగితే వద్దంటాడు. చెప్పకుండా ఒక ఫోటో పంపు.

ఇట్లు,
సాయిబాబు

తా.క.: బతికున్న మనిషి గనుక దండ వేయం. శాలువా కప్పుతాం.

*

సాయిబాబు అన్నకు నమస్కారాలు.

ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను. నేను కొత్తగా వచ్చి అన్నం సయించక ఏడుస్తుంటే, "నేన్ పాడుత గని, నువ్ తిను బిడ్డా" అని పక్కన కూర్చున్న మనిషి ఆయన. గొంతుకు ఆపరేషన్ అయ్యాక పాటా లేదు, నవ్వూ లేదు. విగ్రహం చూసైనా తేరుకుంటాడని నా ఆశ. శుక్రవారం గదిలో తీసిన ఫోటో, సెలవు మీద వస్తున్న మా గది ఖుత్బుద్దీన్ చేత పంపుతున్నాను.

మీ హన్మాండ్లు

తా.క.: ఫోటోలో చాలామందిమి ఉన్నాం. పాటగాణ్ణి గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు!

*

తమ్ముడు హన్మాండ్లుకు,

కమిటీ పరువు బస్టాండులో పోయింది. చెవి మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచినవాణ్ణే శిల్పికి చూపించాను. పాట ఎత్తుకునేవాడు అలాగే కదా నిలబడతాడు! ముసుగు తీయగానే, చూడ్డానికి వచ్చిన మీ పోచవ్వ, "గీయన నా పెనిమిటి! ఫోన్ల నాతోటి మాట్లాడుతుండు!" అని అరిచింది. అప్పటికే ముఖ్య అతిథి అలవాటుకొద్దీ దండ వేసేశారు. ఆవిడ గద్దె ఎక్కి ఆ దండ తీసి ఆ అతిథి మెడలోనే వేసింది. క్షమించు తమ్ముడూ. విగ్రహం పగలగొట్టించి కొత్తది చేయిస్తాం.

ఇట్లు,
తలెత్తుకోలేని సాయిబాబు

తా.క.: మూల కూర్చుని పెరుగన్నం తింటున్న పెద్దాయన వంటమనిషి అనుకున్నాం. ఆయనేనా?

*

సాయిబాబు అన్నకు వేవేల దండాలు.

ఆయనే. కానీ పగలగొట్టకండి! ముసుగు తీసినప్పటి వీడియో ఫోన్లో వస్తే చూపించాను, తిరుమలన్న పడీపడీ నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. క్యాంపంతా మా గదికి పరుగెత్తుకొచ్చింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "లోపట ఏడుస్తనే ఇంటికి ఫోన్ జేసి, మంచిగున్న అని చెప్పెటోని మీదనే గదరా నేన్ పాడింది. నా పాటనే నిలవెట్టిండ్రు. ఉండనియ్యమను" అన్నాడు. నిన్న స్నానం చేస్తూ కూనిరాగం కూడా తీశాడన్నా! మీ ఊరికి ఎన్ని జన్మలకూ రుణపడి ఉంటాను.

ఇట్లు,
మీ బస్టాండు హన్మాండ్లు

తా.క.: పోచవ్వ నాకు ఫోన్ చేయడం తగ్గించింది. బస్సు దిగి విగ్రహానికే అన్నీ చెప్పుకుంటోందట. అదైతే మధ్యలో "డ్యూటీకి టైం అయ్యింది" అనదట.