అనువాదకుడు కలిపిన కన్నీళ్లు

మార్చి 2

థీసిస్‌లో నాలుగో చాప్టర్ అయిపోయింది. ఆరేళ్ల పని. బెంగాలీ కథలో గడప దాటిన ఇల్లాలు చివరికి కుమిలిపోతుంది. మరాఠీ కథలో ఇల్లాలు ఇంట్లోనే ఉండి ఎదురు మాట్లాడుతుంది. అక్కడ కన్నీటితో నీతి, ఇక్కడ వాదంతో నీతి. ఈ మాట ముప్పై ఏళ్ల కిందట తన పుస్తకంలో రాసింది మా గైడు గారు. నేను దానికి సాక్ష్యాలు పోగేశాను.

సబ్మిషన్‌కు పద్దెనిమిది రోజులు.

మార్చి 4

ప్రూఫ్ చూడమని అక్కకు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఎనిమిదేళ్ల కిందట ఒక్క సూట్‌కేసుతో బావ ఇంటి నుంచి రైలెక్కి వచ్చేసిన మనిషి. అప్పటినుంచీ నా దగ్గరే ఉంటోంది.

అచ్చుతప్పులన్నీ దిద్దింది. ఒక్కచోట మాత్రం మార్జిన్‌లో ప్రశ్న గుర్తు. అక్కడున్న కథ బెంగాలీ కథల్లో నాకు ముఖ్యమైనది. మొగుణ్ణి వదిలేసిన ఇల్లాలు రైలెక్కి, ఆడదానికి ఇల్లే స్వర్గమంటూ పేజీ నిండా ఏడుస్తుంది. నా చాప్టరంతా ఆ పేజీ మీదే నిలబడింది.

"అంత తెగువ చూపించిన మనిషి రైలెక్కగానే ఉపన్యాసం ఇస్తుందా? ఇది ఆవిడ గొంతులా లేదే" అంది అక్క.

నీ కథ వేరు, ఈ కథ వేరు అన్నాను. అక్క లేచి వెళ్లి కప్పులు కడిగి బోర్లించింది.

మార్చి 5

నాకు బెంగాలీ రాదు. ఆ కథ తెలుగులోనే చదివాను. గైడు గారూ అంతే.

మార్చి 7, సాయంత్రం 5

కింది వాటాలో ఉండే రిటైర్డ్ నర్సు గారి ఇంటి భాష బెంగాలీ. లైబ్రరీ నుంచి మూలం తెచ్చి ఇచ్చాను. ఆవిడ వేలు పెట్టి చదువుతూ, నోటితోనే తెలుగు చేసి చెప్పారు. రైలు కదిలింది. ఆమె కిటికీ తెరిచింది. ఇది ఎన్ని గంటలకు చేరుతుందని పక్కవాళ్లను అడిగింది. కథ అయిపోయింది.

ఏడుపు పేజీ ఏదండీ అన్నాను. లేదన్నారు. మళ్లీ చూడమన్నాను. వెనకా ముందూ తిప్పి చూపించారు.

అనువాదకుడు కలిపాడు. చదివేవాళ్లు చెడిపోకూడదని కాబోలు. పుణ్యాత్ముడు. నా బెంగాలీ కథలు పదకొండు. ఆరు ఆయన చేసినవే.

మార్చి 8

భయం.

మార్చి 9

గైడు గారి గదికి వెళ్లాను. మీ పుస్తకం కూడా తప్పేనని ఏ నోటితో చెప్పను? మూలం, అనువాదం పక్కపక్కన పెట్టి, నర్సు గారు చెప్పింది చెప్పాను. ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, తీశారు. వెళ్లమన్నారు.

ఆరేళ్లు గంగలో కలిసినట్టే.

మార్చి 12, రాత్రి 9

ఫోన్ చేసి పిలిచారు. వెళ్లాను. ఆయన ఈ మూడు రోజులూ ఆ అనువాదకుడివే మిగతా ఐదు కథల మూలాల్ని బెంగాలీ తెలిసినవాళ్లతో చదివించుకున్నారట. మూడింటిలో అదే పని.

"ముప్పై ఏళ్లు క్లాసులో ఇదే చెప్పానమ్మా. ఎంతమంది ఆడపిల్లలు విన్నారో. ఈ తప్పు నాదని నా పేరు పెట్టే రాయి. మెత్తగా రాయకు."

గడువు మూడు నెలలు పెంచమని లెటర్ అప్పటికే టైపు చేయించి పెట్టారు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇది మాత్రం ఎవరూ కలిపింది కాదు.

ఇంటికొచ్చి అక్కకు సారీ చెప్పాను. దేనికంది. ఆ రోజు రైల్లో నువ్వేం చేశావే అని అడిగాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి.

"హాయిగా నిద్రపోయాను. మన స్టేషన్ దాటిపోయింది కూడా."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఏప్రిల్ 20

మరాఠీ కథల మూలాల్నీ ఆ భాష తెలిసినవాళ్లతో చదివించి సరిచూస్తున్నాను. ఒక కథలో ఇల్లాలు మొగుణ్ణి దులిపేశాక వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంటుందట. తెలుగులో తిట్లు మిగిలాయి, నవ్వు పోయింది.

జూన్ 18

సబ్మిట్ చేశాను. రెండు భాషల కథల్లోని ఆడవాళ్లూ ఇప్పుడు నా మాట వినడం లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

సెప్టెంబర్ 3

వైవా. ఇంతకీ ఈ కథల నీతి ఏమిటమ్మా అని అడిగారు ఎగ్జామినర్ గారు. తెలియదండీ అన్నాను. ఆయన దాన్ని రాసుకున్నారు.